దూరపు రేడియో స్టేషన్లు పట్టడం ఎలా: మీడియం వేవ్, షార్ట్ వేవ్ డీఎక్సింగ్

వేల కిలోమీటర్ల అవతలి స్టేషన్‌ను వెతికి పట్టి, అది ఫలానాదే అని తేల్చుకునే పనిని డీఎక్సింగ్ అంటారు. ఇందులోకి కొత్తగా దిగేవాళ్లు చాలామంది ముందు ఖరీదైన రిసీవర్ కొంటారు. ఆ తర్వాత యాంటెన్నా వెతుకుతారు. ఇంట్లో గరగర సంగతి ఆఖర్న గుర్తొస్తుంది. ఈ వరసను తిరగెయ్యాలి. 30 మెగాహెర్ట్జ్ కింద ఆకాశం నుంచీ, ఇళ్లలోని కరెంటు సామాను నుంచీ వచ్చే గరగర చాలా ఎక్కువ. ఓ మాదిరి రిసీవర్ లోపల పుట్టే గరగర దాని ముందు లెక్కలోకి రాదు. రేడియోకి శక్తి చాలక స్టేషన్ వినబడకపోవడం అరుదు. వచ్చిన సిగ్నల్ గరగరలో మునిగిపోయి ఉంటుంది, లేకపోతే ఆ వేళకి ఆ ఫ్రీక్వెన్సీ మీ దాకా చేరదు. అందుకే ముందు గరగర, తర్వాత వేళ, ఆ తర్వాత యాంటెన్నా. రిసీవర్ అన్నిటికన్నా చివర.

మీ రేడియో పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. బయటి యాంటెన్నా పెట్టే వీలున్న సెట్టయితే, స్టేషన్ లేని ఖాళీ చోటుకి ట్యూన్ చేసి యాంటెన్నా తీసెయ్యండి, మళ్లీ తగిలించండి. తగిలించగానే హోరు స్పష్టంగా పెరిగితే ఆ బ్యాండులో రిసీవర్‌కి కావాల్సినంత సున్నితత్వం ఉన్నట్టే. అంతకుమించి సున్నితమైన సెట్టు కొన్నా ఇంకో స్టేషన్ దొరకదు.

ముందు ఇల్లు సర్దుకోవాలి

రేడియోని బ్యాటరీ మీద నడపండి. మీడియం వేవ్‌లో రెండు చానళ్ల మధ్య ఖాళీ చోటొకటి, షార్ట్ వేవ్‌లో 5, 10, 15 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో ఖాళీ చోట్లు మూడు ఎంచుకోండి. సెట్టులో సిగ్నల్ మీటర్ ఉంటే ప్రతి చోటా అంకె రాసుకోండి. ఇప్పుడు ఇంటి మెయిన్ స్విచ్ ఆపి మళ్లీ అవే చోట్ల చూడండి. అంకె బాగా పడిపోతే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు. మెయిన్ వేసి, ఎంసీబీలన్నీ ఆపి, ఒక్కొక్కటే వేస్తూ రండి. ఏ ఎంసీబీతో గరగర తిరిగొచ్చిందో తెలిశాక, ఆ లైను మీది ప్లగ్గులు ఒక్కొక్కటే పీకి చూస్తే అసలు వస్తువు బయటపడుతుంది. ఇన్వర్టర్, యూపీఎస్, ల్యాప్‌టాప్ లాంటివి మెయిన్ ఆపినా బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటాయి. వాటిని విడిగా ఆపాలి. ఈ సంగతి మరిచిపోయి, గరగర పక్కింటిదని నిర్ణయానికొచ్చేవాళ్లు ఎక్కువ.

కొన్నాళ్లకి శబ్దం వింటేనే వస్తువు తెలిసిపోతుంది. సెల్‌ఫోన్ చార్జర్లు, ఎల్ఈడీ బల్బుల్లోని స్విచింగ్ సప్లైలు బ్యాండు పొడుగునా కొన్ని పదుల కిలోహెర్ట్జ్‌కి ఒకటి చొప్పున గుట్టలు గుట్టలుగా బుర్రుమంటాయి. వేడెక్కే కొద్దీ ఆ గుట్టలు మెల్లగా జరుగుతాయి. ఫ్యాను, లైటు డిమ్మర్లది గట్టి బర్రుమనే మోత, మీడియం వేవ్ కింది భాగంలో మరీ ఎక్కువ. కరెంటు స్తంభం మీద ఇన్సులేటర్ దగ్గర నిప్పురవ్వలు పుడుతుంటే చిటపటమంటుంది, గట్టి వాన పడితే చాలాసార్లు తగ్గుతుంది. సోలార్ ఇన్వర్టర్ గరగర పొద్దు పొడిచాక మొదలై పొద్దు గుంకగానే ఆగుతుంది.

గాల్లో నుంచే వచ్చి మన ఇంటి గరగరలా వినిపించేవి కూడా ఉన్నాయి. సుమారు 10 కిలోహెర్ట్జ్ వెడల్పున అంచులు తెగ్గోసినట్టు ఆగిపోయే నున్నటి హోరు డీఆర్ఎం డిజిటల్ ప్రసారం కావచ్చు. టకటకమంటూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకే వెడల్పాటి మోత దిగంతం అవతలికి చూసే సైనిక రాడార్లది. వాటి కోసం ఇల్లంతా వెతక్కండి.

దొరికిన దొంగకి మందు మూడు రకాలు. ఆపెయ్యగలిగితే ఆపెయ్యడం. మార్చగలిగితే పాత తరహా ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఎడాప్టర్ పెట్టుకోవడం. రెండూ కుదరకపోతే ఆ వస్తువు వైరుని ఫెరైట్ (గరగరని అడ్డుకునే నల్లటి అయస్కాంత పదార్థం) రింగు చుట్టూ తిప్పడం. వైరు మీద క్లిప్పులా బిగించే ఫెరైట్ ఒక్కటి పెట్టి ఫలితం లేదనుకోకండి. వైరు ఒక్కసారి దూరితే అడ్డు తక్కువ, చుట్ల సంఖ్య వర్గానికి అనుపాతంగా అది పెరుగుతుంది. పెద్ద రింగులో 8 నుంచి 10 చుట్లు తిప్పాలి. షార్ట్ వేవ్‌కి 31 రకం ఫెరైట్, మీడియం వేవ్‌కి 73 లేదా 75 రకం మేలు. వీటన్నిటికన్నా చవకైన మందు దూరం. యాంటెన్నాని గోడకి 5, 10 మీటర్లు అవతలికి జరిపితే, ఏ ఫిల్టరూ ఇవ్వనంత లాభం ఒక్కోసారి అక్కడే దొరుకుతుంది.

ఏ వేళ, ఏ ఫ్రీక్వెన్సీ

పగలు సూర్యకాంతికి భూమికి సుమారు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున డి పొర (విద్యుదావేశమున్న గాలి పొర) ఏర్పడుతుంది. మీడియం వేవ్ తరంగాలు పైకెళ్తే ఈ పొర మింగేస్తుంది. అందుకే పగలు నేలను అంటిపెట్టుకుని వచ్చే దగ్గరి స్టేషన్లే వినిపిస్తాయి. పొద్దు గుంకగానే డి పొర చెదిరిపోతుంది. అప్పుడు తరంగాలు పైనున్న ఇ, ఎఫ్ పొరల దాకా వెళ్లి, వంగి, దూరాన నేలకి దిగుతాయి. ఎఫ్ పొర మీద ఒక్క గెంతు 3,000 నుంచి 4,000 కిలోమీటర్ల దాకా పోగలదు. నేల మీద, మరీ ముఖ్యంగా సముద్రం మీద తగిలి మళ్లీ పైకి లేస్తే ఇంకో గెంతు. సముద్రం మీదుగా వచ్చే దారి ఎప్పుడూ మెరుగే.

డి పొర మింగుడు ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ వేగంగా తగ్గుతుంది. అందుకే పగలు పై షార్ట్ వేవ్ బ్యాండులు, రాత్రి కిందివి. 13, 16, 19 మీటర్లు, అంటే సుమారు 21, 17, 15 మెగాహెర్ట్జ్, పగటి బ్యాండులు. 49, 41 మీటర్లు, అంటే 5,900 నుంచి 6,200, 7,200 నుంచి 7,450 కిలోహెర్ట్జ్, రాత్రివి. 31, 25 మీటర్లు, అంటే 9,400 నుంచి 9,900, 11,600 నుంచి 12,100 కిలోహెర్ట్జ్, దాదాపు ఎప్పుడు తిప్పినా ఏదో ఒకటి పలుకుతాయి. కొత్తవాళ్లు 31 మీటర్లతో మొదలుపెడితే ఉత్సాహం చెడదు.

మీడియం వేవ్‌కి ఒక్కటి గుర్తుంటే చాలు: స్టేషన్ నుంచి మీ దాకా దారంతా చీకటిగా ఉండాలి. మీకు పొద్దు గుంకేసరికి తూర్పు వైపు అప్పటికే చీకటి, కాబట్టి సాయంత్రం ముందు తూర్పు స్టేషన్లు లేస్తాయి. తెల్లవారుజామున మీకు తూర్పు వెలుగుతుంటే పడమర ఇంకా రాత్రే, అది పడమటి స్టేషన్ల వేళ. నడిరాత్రి అన్ని దిక్కుల నుంచీ అన్నీ వచ్చి ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకే అరుదైనవి నడిరాత్రి కన్నా సంజెల్లోనే తేలిగ్గా చిక్కుతాయి. పగటికీ రేయికీ మధ్య సరిహద్దు గీత మీదే మీరూ స్టేషనూ ఉన్న నిమిషాల్లో డి పొర ఉండదు, ఎఫ్ పొర ఇంకా బలంగా ఉంటుంది. ఆ కొద్ది నిమిషాల్లో సిగ్నల్ ఒక్కసారిగా పైకి లేచి, మళ్లీ పడిపోతుంది. భూమి మీద ఆ గీత ఎక్కడుందో చూపే పగలు రేయి మ్యాపు ఒకటి ఫోన్లో పెట్టుకోండి. గడియారం ఒకటి యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక టైముకి) పెట్టుకోండి. ప్రపంచంలో షెడ్యూళ్లన్నీ ఆ టైములోనే ఉంటాయి.

సూర్యుడి సంగతి కూడా చూసుకోవాలి. సూర్యబిందువులు సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతాయి. ప్రస్తుతపు 25వ చక్రం 2019 డిసెంబర్‌లో మొదలైంది. చూడాల్సిన అంకెలు రెండు: సోలార్ ఫ్లక్స్ (సూర్యుడి నుంచి వచ్చే రేడియో శక్తి కొలత), కేపీ సూచిక (భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కలతగా ఉందో చెప్పేది). ఫ్లక్స్ 70 దగ్గరుంటే సూర్యుడు నిద్రపోతున్నట్టు, పై బ్యాండులు నిశ్శబ్దం. 150 దాటితే 13, 16 మీటర్లు పగలంతా పలుకుతాయి. కేపీ 0 నుంచి 9 దాకా ఉంటుంది. 5 చేరితే భూ అయస్కాంత తుఫాను. అప్పుడు ధ్రువాల దగ్గరగా వచ్చే దారులు మూసుకుపోతాయి. భూమధ్యరేఖ దాటివచ్చే దారులు అంత దెబ్బతినవు. అలాంటి రోజుల్లో భూమధ్యరేఖను దాటే ఉత్తర దక్షిణ దారుల స్టేషన్లు వెతకడం లాభం. ఎండ వేళ షార్ట్ వేవ్ అంతా ఒక్కసారి మూగబోతే రేడియో పాడైందనుకోకండి. పెద్ద సౌరజ్వాల వచ్చి ఉంటుంది. పగలున్న వైపు మాత్రమే అలా జరుగుతుంది, కొన్ని నిమిషాల నుంచి గంటా రెండు గంటల్లో కింది బ్యాండుల కన్నా పై బ్యాండులే ముందు తిరిగొస్తాయి.

అంకెలు చూడకుండానే దారులు తెరుచుకున్నాయో లేదో చెప్పే స్టేషన్లు ఉన్నాయి. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ నుంచి డబ్ల్యూడబ్ల్యూవీ 2.5, 5, 10, 15, 20 మెగాహెర్ట్జ్‌ల మీద రాత్రీపగలూ టైము చెబుతుంది. హవాయిలోని కవాయ్ దీవి నుంచి డబ్ల్యూడబ్ల్యూవీహెచ్ 2.5, 5, 10, 15 మెగాహెర్ట్జ్‌ల మీద చెబుతుంది. రెండూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద, సెకనుకో టిక్కుతో కలిసి వినిపిస్తాయి. నిమిషం పూర్తి కావడానికి సుమారు 15 సెకన్ల ముందు ఆడగొంతు టైము చెబితే అది హవాయి. 7 సెకన్ల ముందు మగగొంతు చెబితే కొలరాడో. రెండు గొంతులూ వినబడితే ఆ రెండు దారులూ మీకు తెరిచి ఉన్నట్టు. చైనా బీపీఎం స్టేషన్ కూడా 2.5, 5, 10, 15 మీదే ఉంటుంది, తన పేరును మోర్స్‌లో చెప్పుకుంటుంది. రేడియో పెట్టగానే 5, 10, 15 మూడూ ఒకసారి తిప్పి చూడటం మంచి అలవాటు. ఆ రోజు ఏ బ్యాండు మీద కూర్చోవాలో అర నిమిషంలో తేలిపోతుంది.

మీడియం వేవ్‌కి ఫ్రేమ్ లూప్

మామూలు పోర్టబుల్ రేడియోలో మీడియం వేవ్‌ని పట్టేది లోపలి ఫెరైట్ కడ్డీ. బయట లాగే గొట్టపు యాంటెన్నాకి మీడియం వేవ్‌తో సంబంధం లేదు, ఎంత లాగినా ప్రయోజనం ఉండదు. కడ్డీకి అడ్డంగా వచ్చే సిగ్నల్ ఎక్కువగా, కడ్డీ కొసల వైపు నుంచి వచ్చేది దాదాపు సున్నాగా వినిపిస్తుంది. ఈ సున్నాయే అసలు ఆయుధం. ఒక చానల్ మీద దగ్గరి స్టేషన్ కూర్చుని ఉంటే, రేడియోని బల్ల మీద మెల్లగా తిప్పుతూ అది అట్టడుగుకి పడిపోయే చోట ఆపండి. తర్వాత రేడియోని ఒక పక్కకి కొద్దిగా వంచండి, ఇంకా పడుతుంది. ఆ అడుగు నుంచి ఇంకో స్టేషన్ గొంతు తేలుతుంది. ఒక్కో డిగ్రీ తేడాకే లోతు పోతుంది, కాబట్టి చేత్తో పట్టుకోకుండా తిరిగే పళ్లెం లాంటిదాని మీద పెట్టుకోండి. సంజె వేళ, ఎగురుకుంటూ వచ్చే సిగ్నల్స్‌కి ఈ సున్నా నిలకడగా ఉండదు. నేల మీదుగా వచ్చే దగ్గరి స్టేషన్లకి మాత్రం గట్టిగా నిలుస్తుంది.

ఈ కడ్డీకి తోడుగా ఒక లూప్ చేసుకుంటే తేడా చెవికి తెలుస్తుంది. రేడియో విప్పాల్సిన పని లేదు, వైరు కలపాల్సిన పనీ లేదు. కావాల్సినవి: 85 సెంటీమీటర్ల చెక్క బద్దలు రెండు, 10 సెంటీమీటర్ల అడ్డబద్దలు నాలుగు, పైతొడుగున్న సన్నటి రాగి వైరు 36 మీటర్లు, పాత వాల్వ్ రేడియోల్లో ఉండే 365 పికోఫారడ్ల గాలి గ్యాంగ్ కండెన్సర్ (ఇరుసు తిప్పి ట్యూన్ చేసేది) ఒకటి, ప్లాస్టిక్ నాబ్ ఒకటి.

బద్దలు రెండూ నడిమధ్య సగం మందం చొప్పున కోసి శిలువలా బిగించండి. నాలుగు కొసలకీ అడ్డబద్దలు, చట్రానికి నిలువుగా బయటికి వచ్చేలా మేకులు కొట్టండి. ఒక్కో అడ్డబద్ద మీద 6 మిల్లీమీటర్లకొకటి చొప్పున 14 గాట్లు రంపంతో పెట్టండి. వైరు ఒక కొసను మొదటి గాటు దగ్గర చిన్న రంధ్రంలో దూర్చి ముడేసి, బిగుతుగా 14 చుట్లు చుట్టండి. భుజం 60 సెంటీమీటర్లున్న చదరం వస్తుంది. దాని ఇండక్టెన్స్ సుమారు 250 మైక్రోహెన్రీలు. వైరు రెండు కొసలూ గ్యాంగ్ కండెన్సర్‌లో ఒక సెక్షన్‌కి కలపండి: ఒకటి ఇరుసుకి, ఒకటి కదలని పలకలకి. ఇంతే లూప్. 520 నుంచి 1,650 కిలోహెర్ట్జ్ దరిదాపుల దాకా ట్యూన్ కావాలి. కింది కొస అందకపోతే ఒక చుట్టు పెంచండి, పై కొస అందకపోతే ఒక చుట్టు తగ్గించండి. గాలి గ్యాంగ్ దొరక్క చిన్న ప్లాస్టిక్ గ్యాంగ్ వాడితే విలువ చాలదు. దాని రెండు సెక్షన్లూ సమాంతరంగా కలిపి, బ్యాండు కింది భాగానికి 150 పికోఫారడ్ల మైకా కండెన్సర్ ఒకటి స్విచ్‌తో తోడు పెట్టుకోవాలి.

వాడేటప్పుడు రేడియోని లూప్ మధ్యకి దగ్గరగా, లోపలి కడ్డీ లూప్ తలానికి లంబంగా ఉండేలా పెట్టండి. పగలు పలచగా వినబడే స్టేషన్ ఒకటి ట్యూన్ చేసి, గ్యాంగ్‌ని మెల్లగా తిప్పండి. ఒక చోట సిగ్నల్ ఉన్నట్టుండి ఉప్పొంగుతుంది. ఆ చోటు చాలా సన్నం, వేలు కాస్త జరిగితే దాటిపోతుంది. అలా సన్నంగా ఉందంటే లూప్ బాగా కుదిరినట్టు. శిఖరం వెడల్పుగా, లేదా రెండుగా చీలినట్టు ఉంటే రేడియో మరీ దగ్గరుంది, ఓ జానెడు దూరం జరపండి. ఉప్పొంగడమే లేకపోతే మల్టీమీటర్ పెట్టి వైరు తెగిందేమో చూడండి. ఎనామెల్ వైరైతే కొసల పూత గీకారో లేదో చూడండి. గ్యాంగ్ తిప్పుతుంటే బరబరమంటే పలకలు రాసుకుంటున్నాయి. ఫ్రీక్వెన్సీ కాస్త మారినా లూప్‌ని మళ్లీ ట్యూన్ చెయ్యాలి. ఈ ఇబ్బందిలోనే మేలుంది: ఫ్రీక్వెన్సీలో దూరంగా ఉన్న బలమైన స్టేషన్లను లూపే ఆపేస్తుంది, రేడియో మీద భారం పడదు. సున్నా దిక్కు కావాలంటే లూపునీ రేడియోనీ కలిపి తిప్పాలి.

వైరు యాంటెన్నా, ఎర్త్

షార్ట్ వేవ్‌కి 10 నుంచి 20 మీటర్ల వైరు, 3 నుంచి 5 మీటర్ల ఎత్తున చాలు. వినడానికి మాత్రమే కాబట్టి ఎత్తు కన్నా ఇంటికి దూరమే ముఖ్యం. వైరుని నేరుగా కిటికీలోంచి రేడియో దాకా తెస్తే, చివరి రెండు మూడు మీటర్లే ఇంటి గరగరనంతా తాగేస్తాయి. ఇంటికి దూరంగా ఉన్న కొస దగ్గరే, వైరుకీ కేబుల్‌కీ పొత్తు కుదిర్చే 9:1 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, అక్కడి నుంచి కోయాక్స్ కేబుల్ (టీవీ కేబుల్ లాంటిది) నేల మీదుగా తెచ్చుకోవాలి.

ట్రాన్స్‌ఫార్మర్‌కి బీఎన్-73-202 అనే రెండు రంధ్రాల ఫెరైట్ తీసుకోండి. సన్నటి ఎనామెల్ వైరుతో ఒక వైండింగ్ 9 చుట్లు, విడిగా ఇంకొకటి 3 చుట్లు. ఒక రంధ్రంలోంచి వెళ్లి రెండో దాంట్లోంచి తిరిగొస్తే ఒక చుట్టు. 9 చుట్ల వైండింగ్ ఒక కొస యాంటెన్నా వైరుకి, రెండోది నేలలో దిగగొట్టిన 1.2 నుంచి 1.5 మీటర్ల ఎర్త్ కడ్డీకి. 3 చుట్లది కోయాక్స్ లోపలి వైరుకీ, పై అల్లికకీ. ఈ రెండు వైండింగ్‌లనీ ఎక్కడా కలపకండి. కలిపితే కోయాక్స్ అల్లిక మీదుగా ఇంటి గరగర నేరుగా యాంటెన్నాలోకి ఎక్కుతుంది. అది కూడా చాలకపోతే, రేడియోకి చేరే ముందు కోయాక్స్‌ని ఎఫ్‌టీ240-31 రింగు చుట్టూ 10, 12 చుట్లు తిప్పండి. 9 చుట్ల వైండింగ్ వైరుని ఎర్త్‌కి కలిపే ఉంచుతుంది కాబట్టి, గాలికీ వానకీ వైరులో చేరే స్టాటిక్ చార్జ్ కూడా దిగిపోతుంది. పిడుగుకి మాత్రం ఇది రక్ష కాదు. మబ్బు ఉరమకముందే కోయాక్స్ పీకి ఇంటి బయట పడేయాలి. కరెంటు తీగల పైనుంచి గానీ కింద నుంచి గానీ యాంటెన్నా వైరు ఎప్పుడూ లాగకూడదు. తెగిపడినా తీగల మీద పడనంత దూరంలో ఉండాలి.

చిన్న పోర్టబుల్ సెట్టుకి ఇంత వైరు తగిలిస్తే అది తట్టుకోలేకపోవచ్చు. ఉండకూడని చోట్లల్లా స్టేషన్లు, ఒకదానిలో ఒకటి కలిసిన గొంతులు వినబడితే అది ఓవర్‌లోడ్. అటెన్యుయేటర్ స్విచ్ 'లోకల్' వైపు నొక్కండి, లేదా వైరు 5 మీటర్లకి తగ్గించండి. ఇంకో మోసం ఇమేజ్‌ది. 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ (సెట్టు లోపల సిగ్నల్‌ని మార్చుకునే ఫ్రీక్వెన్సీ) ఉన్న, ఒక్కసారే అలా మార్చే పాత సింగిల్ కన్వర్షన్ సెట్లలో బలమైన స్టేషన్ తన అసలు చోటుకి 910 కిలోహెర్ట్జ్ కింద మళ్లీ వినబడుతుంది. 11,910 మీది స్టేషన్ 11,000 దగ్గర పలికితే అది కొత్త స్టేషన్ కాదు.

పొలమంత జాగా ఉన్నవాళ్లకి బెవరేజ్ యాంటెన్నాకి మించింది లేదు. హెరాల్డ్ బెవరేజ్ 1921లో పేటెంట్ పొందిన పద్ధతి ఇది. 2 నుంచి 3 మీటర్ల ఎత్తున, కనీసం ఒక తరంగదైర్ఘ్యం పొడవున, అంటే 1 మెగాహెర్ట్జ్‌కి 300 మీటర్లు, వైరుని కావాల్సిన దిక్కుకి తిన్నగా లాగి, ఆ కొసను 450 నుంచి 500 ఓమ్‌ల రెసిస్టర్‌తో ఎర్త్ చెయ్యాలి. రెసిస్టర్ ఉన్న దిక్కు నుంచే వింటుంది, వెనక నుంచి వచ్చేది బాగా తగ్గుతుంది.

రిసీవర్

చూడాల్సినవి: 1 కిలోహెర్ట్జ్ దాకా చూపే డిజిటల్ డయల్, 2.5 నుంచి 6 కిలోహెర్ట్జ్ మధ్య మార్చుకోగల ఫిల్టర్లు, ఎస్ఎస్‌బీ (ప్రసారంలో ఒక పక్క సగాన్నే పట్టి వినే పద్ధతి). ఈ మూడూ ఉన్న పోర్టబుల్ ఏదైనా ఏళ్ల తరబడి సరిపోతుంది. కంప్యూటర్‌కి తగిలించే ఎస్‌డీఆర్‌లో (సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే రేడియోలో) ఉన్న గొప్ప సౌకర్యం మొత్తం బ్యాండుని రికార్డు చెయ్యడం. గంట కొట్టే వేళకి మీడియం వేవ్ అంతా ఫైల్లో పెట్టుకుని, తర్వాత ఒక్కో చానలూ మళ్లీ మళ్లీ వినొచ్చు. సెకనుకి 20 లక్షల శాంపిళ్లు, ఒక్కోదానికి 16 బిట్ల అంకెలు రెండు అయితే సెకనుకి 8 మెగాబైట్లు, 10 నిమిషాలకి 4.8 గిగాబైట్లు. డిస్కులో చోటు ముందే చూసుకోండి. చవకైన ఆర్‌టీఎల్ డాంగిళ్లు (యూఎస్‌బీలో పెట్టే చిన్న ఎస్‌డీఆర్‌లు) 8 బిట్లవి కాబట్టి, పక్కన బలమైన స్టేషన్ ఉంటే పలచటివి అందులో మునిగిపోతాయి. ముందు ఒక ఫిల్టర్ పెడితే కొంత నయం.

వినే పద్ధతి

మీడియం వేవ్ చానళ్లు ఆసియా, యూరప్, ఆఫ్రికాల్లో 531 నుంచి 1,602 దాకా 9 కిలోహెర్ట్జ్‌కొకటి. అమెరికా ఖండాల్లో 530 నుంచి 1,700 దాకా 10కొకటి. 90తో భాగించబడే చానళ్లు, అంటే 540, 630, 720 లాంటివి, రెండిటికీ ఉమ్మడి. మిగతా చోట్ల తేడా ఉంటుంది. 1,017, 1,026 మధ్యలో 1,020 మీద అమెరికా స్టేషన్ లేస్తే, 1,017తో కలిసి 3 కిలోహెర్ట్జ్ ఈల వినబడుతుంది. మాట వినబడక ముందే ఈల వినబడుతుంది, కాబట్టి ఖండం దాటి దారి తెరుచుకుందనడానికి అదే తొలి గుర్తు.

పలచటి స్టేషన్‌ని ఎస్ఎస్‌బీలో పట్టడం నేర్చుకోండి. ముందు ఎస్ఎస్‌బీ పెట్టి, వాహక తరంగం (గొంతుని మోసుకొచ్చే తరంగం) ఈల సన్నగా మొదలై లోతుకి దిగి ఆగిపోయేదాకా ట్యూన్ చెయ్యండి. ఇప్పుడు పై పక్క, కింది పక్క మార్చి చూసి, పొరుగు స్టేషన్ మోత ఏ వైపు తక్కువో అటు ఉండండి. ఫిల్టర్ 2.5 కిలోహెర్ట్జ్‌కి తగ్గించండి. ఏఎంలో గొంతు గీరుకుపోయినట్టు వినబడటానికి కారణం వాహక తరంగం ఒక్కటే కాసేపు పడిపోవడం. ఎస్ఎస్‌బీలో ఆ వాహకాన్ని మీ సెట్టే తయారుచేస్తుంది కాబట్టి, ఆ చీలిక పోతుంది.

తర్వాత పని ఆగడం. మీడియం వేవ్‌లో సిగ్నల్ రెండు మూడు నిమిషాలు లేచి, పది నిమిషాలు కనబడకుండా పోతుంది. బ్యాండంతా పరుగున తిప్పేవాళ్లకి ఈ లేచే క్షణాలు దొరకవు. గంటకి రెండు నిమిషాల ముందు ఒక చానల్ మీద కూర్చుని, రికార్డింగ్ నొక్కి, గంట దాటి మూడు నిమిషాల దాకా కదలకండి. స్టేషన్ పేరు, వార్తల మొదలు, సంతకపు బాణీ అప్పుడే వస్తాయి.

గుర్తుపట్టడంలో పెద్ద ప్రమాదం లిస్టు. 9,500 మీద ఏదో గొంతు వినబడింది, లిస్టులో ఆ వేళకి ఫలానా దేశం ఉంది, కాబట్టి అదేనని రాసుకోవడం తప్పు. లిస్టు మీకు అనుమానం మాత్రమే ఇస్తుంది. పేరు చెవిన పడాలి, లేదా అదే కార్యక్రమం ఆ స్టేషన్ తాలూకు ఇంకో ఫ్రీక్వెన్సీ మీద అక్షరం పొల్లు పోకుండా నడుస్తుండాలి. షార్ట్ వేవ్ షెడ్యూళ్లు మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం మారతాయి. పాత లిస్టు పెట్టుకుని వెతికితే ఆ వారం అంతా గందరగోళమే. కివీఎస్‌డీఆర్ లాంటి ఆన్‌లైన్ రిసీవర్లలో స్టేషన్‌కి దగ్గరున్నదొకటి తెరిచి, మీ రికార్డింగ్‌తో పోల్చి చూసుకోవచ్చు. దాన్లో విన్నది మాత్రం మీ లాగ్‌లో మీ స్టేషన్‌గా రాసుకోకూడదు.

రిపోర్ట్ పంపడం

విన్నది నిర్ధారణ కావాలంటే స్టేషన్‌కి రిపోర్ట్ పంపి క్యూఎస్ఎల్ కార్డు అడగాలి. అందులో యూటీసీ తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ, మీ ఊరు, రిసీవర్, యాంటెన్నా, సిన్పో సంఖ్య ఉండాలి. సిన్పో అంటే అయిదు అంకెలు: సిగ్నల్ బలం, ఇతర స్టేషన్ల అడ్డు, గరగర, సిగ్నల్ లేచిపడటం, మొత్తం మీద ఎలా ఉంది. 5 మేలైనది, 1 అధ్వానం. పొరుగు స్టేషన్ గట్టిగా అడ్డుపడుతూ, మిగతావి ఫరవాలేదనిపిస్తే 42432 లాంటి సంఖ్య వస్తుంది. స్టేషన్‌ని సంతోషపెట్టడానికి అన్నిటికీ 55555 రాస్తే ఇంజినీర్‌కి ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. కనీసం 15 నుంచి 30 నిమిషాల కార్యక్రమం వివరాలు నిమిషాలతో సహా రాయండి. 'సంగీతం, తర్వాత మాటలు' అంటే ఎవరూ నమ్మరు. 'ఆడగొంతు వార్తలు, రెండో వార్త వరదల గురించి, తర్వాత వేణువు, పేరు రెండుసార్లు చెప్పారు' అంటే సరిపోల్చుకోవడానికి వాళ్లకి ఏదో దొరుకుతుంది. నిమిషం నిడివి ఆడియో ముక్క జతచెయ్యండి, అందులో స్టేషన్ పేరు వచ్చే చోటుంటే మరీ మంచిది. పంపే ముందు తేదీ మళ్లీ చూడండి. మీ దగ్గర అర్ధరాత్రి దాటి తేదీ మారినా యూటీసీలో ఇంకా నిన్నటి తేదీయే ఉండొచ్చు, సరైన రిపోర్టులు తిరిగొచ్చేది ఎక్కువగా ఈ ఒక్క అంకె దగ్గరే.